న్యాయంగానే జరిగిన అన్యాయం

తెలుగు నవల పల్లెకు చాలాకాలం పెద్దల ఇళ్లదాకానే వెళ్లింది. ఊరి చివరి వాడలోకి దాన్ని నడిపించింది ఉన్నవ లక్ష్మీనారాయణ. సహాయ నిరాకరణ రోజుల్లో జైలుకెళ్లిన ఆయన అక్కడే రాసిన 'మాలపల్లి' (1922) రామదాసు కుటుంబం చితికిపోవడాన్ని, కూలి తగాదాలను జనం మాట్లాడుకునే మాటల్లో చెప్పింది. మద్రాసు ప్రభుత్వం నవలను నిషేధించింది. ఒక పేద కుటుంబం కథలో దొరతనానికి ఏం కనిపించిందో ఊహించడం కష్టం కాదు. అయితే ఉన్నవకు గాంధీ మార్గం మీద గురి. పెద్దల మనసు మారుతుందన్న ఆశ ఆ నవలను వదల్లేదు.

నిజాం ఏలుబడిలోని పల్లెలో అలాంటి ఆశకు చోటు తక్కువ. వెట్టిని కళ్లారా చూసి, ఉద్యమంలో దిగి జైలు అనుభవించిన వట్టికోట ఆళ్వారుస్వామి 'ప్రజల మనిషి' రాశారు. దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్లు' దొర గడీ లోపలి బతుకును బయటపెట్టింది. ఈ రెండింటిలోనూ దుర్మార్గుడెవరో పాఠకుడికి వెంటనే తెలిసిపోతుంది.

కాళీపట్నం రామారావు 'యజ్ఞం' ఆ వెసులుబాటు ఇవ్వదు. నా దృష్టిలో మన పల్లె కథకు అసలు మలుపు ఇదే. ఆ కథ జరిగే సుందరపాలెంలో గడీ లేదు, కొరడా లేదు. పంచాయతీ ప్రెసిడెంటు శ్రీరాములునాయుడు మంచివాడని పేరున్న మనిషి. ఊరు బాగుపడింది కూడా. అప్పల్రాముడు చేసిన అప్పు మీద తగువు అందరి ఎదుట, పద్ధతిగా నడుస్తుంది. కష్టపడి పనిచేసినా తానెందుకు దిగజారిపోయాడో ఆ ముసలాయన వివరంగా చెబుతాడు. అంతా వింటారు, జాలిపడతారు, చివరికి అప్పు తీర్చాల్సిందేనంటారు. అప్పు తీరుస్తామని ఒప్పుకున్న మాటకు తన బిడ్డ తరతరాల కంబారీ (పాలేరు) కాకూడదని కొడుకు సీతారాముడు ఆ పసివాణ్ణి తానే చంపేస్తాడు. అంత ఘోరానికి దారితీసిన తీర్పులో పద్ధతి తప్పిన మాట ఒక్కటీ లేదు.

ఆ తర్వాత అల్లం రాజయ్య కరీంనగర్ రైతుకూలీల పోరాటాలను రాశారు. కొలకలూరి ఇనాక్ 'ఊరబావి'లో నీళ్లకు నోచుకోని వాడ స్త్రీ ఎదురుతిరిగింది. జి. కల్యాణరావు 'అంటరాని వసంతం' (2000) తరాల చరిత్రను రూతు అనే స్త్రీ జ్ఞాపకాల్లోంచి, వాడ లోపలినుంచే వినిపించింది. ఉన్నవ సానుభూతితో చూసిన మనుషులు ఇక్కడ తమ కథ తామే చెప్పుకున్నారు, తమ ఆటపాటలతో సహా.

ఇవాళ కౌలుకు దున్నే రైతు పేరు పట్టాలో ఉండదు, పంట పోయినా కౌలు కట్టక తప్పదు. ఈ అన్యాయమూ పద్ధతిగానే జరుగుతోంది కాబట్టి, ఈ బతుకును రాయబోయేవాళ్లు 'యజ్ఞం'లోని తగువును మరొక్కసారి నిదానంగా చదవాలి.