నెల్లూరు వరి పరిశోధన

నెల్లూరు వరికి సంక్రాంతి ముందూ వెనుకా రోజులే గండం. ఈశాన్య రుతుపవనాల వానలు, పెన్నా కాలువ నీళ్లు చూసుకుని నాట్లు వేస్తే, పైరు పిలకలు తొడిగేసరికి చలి ముదురుతుంది. చల్లటి రాత్రులు, పొద్దెక్కేదాకా ఆకు మీద ఆరని మంచు, పైగా యూరియా ఎక్కువ పడిన కయ్య: అగ్గి తెగులుకు ఇంతకన్నా అనువైన చోటుండదు. శిలీంధ్రం ఆకు మీద నూలుకండె ఆకారపు మచ్చలు పెడుతుంది. వెన్ను మెడకు సోకితే మెడవిరుపు. గింజ పాలు పోసుకోకుండానే తాలైపోతుంది.

నెల్లూరు వ్యవసాయ పరిశోధనా స్థానం కృషిలో పెద్ద భాగం ఈ తెగులు మీదే సాగింది. ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం కింద పనిచేసే ఈ కేంద్రాన్ని రైతులు ‘ఎన్‌ఎల్‌ఆర్’ అక్షరాలతో గుర్తుపడతారు. అంతకు ముందు బుచ్చిరెడ్డిపాళెం పేరు మీద ‘బీసీపీ’ రకాలుండేవి. పేరుమోసిన మొలగొలుకుల్లో మెరుగైనవి ఆ అక్షరాలతోనే వచ్చాయి. మొలగొలుకులది సన్నగింజ, మంచి రుచి. కానీ ఇంచుమించు ఆరు నెలల పంట, ఎత్తు పెరిగి పడిపోయే పైరు.

1986లో బాపట్ల నుంచి వచ్చిన బీపీటీ 5204, అంటే సాంబ మసూరి, తెలుగువాళ్ల అన్నాన్నే మార్చేసింది. అగ్గి తెగులు ముందు మాత్రం అది నిలవలేదు. నెల్లూరు శాస్త్రవేత్తలు దాన్ని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ రకమైన ఐఆర్ 72తో సంకరం చేసి ఎన్‌ఎల్‌ఆర్ 34449ను సాధించారు. అదే నెల్లూరు మసూరి: సన్నగింజ, సుమారు నాలుగు నెలల కాలం, అగ్గి తెగులును తట్టుకునే శక్తి. తెలంగాణ పొలాలకూ అది పాకింది.

ఇలాంటి రకాన్ని ఏరడానికి తెగులును కోరి రప్పిస్తారు. త్వరగా లొంగిపోయే రకాన్ని చుట్టూ వేసి, నడుమ పరీక్షా వరసలు పెట్టి, ఏది నిలిచిందో చూస్తారు. నిలిస్తేనే సరిపోదు. మిల్లులో నూక ఎక్కువైనా, గింజ లావైనా పుట్టికి, అంటే 850 కిలోలకు, రైతుకు దక్కే ధర పడిపోతుంది. తెగులు నిరోధం కన్నా ఈ రెండో పరీక్షే కఠినమైనది.

ఇంత చేసి ఎంచిన రకమూ ఎల్లకాలం నిలవదు. అస్సాంలో 1911లో మొదలైన తోక్లాయ్ తేయాకు పరిశోధనా కేంద్రం మేలైన మొక్కను ఎంచితే, దాని కొమ్మలు నాటిన తోట దశాబ్దాలు నిలుస్తుంది. వరికి ఆ వెసులుబాటు లేదు. ఊరంతా ఒకే రకం వేస్తే, దాన్ని ఓడించగల శిలీంధ్ర జాతే బలపడుతుంది. అందుకే నెల్లూరు మసూరి వచ్చాకా సంకరాలు ఆగలేదు. కొత్త రకాలు మినీకిట్లుగా, అంటే చిన్న విత్తన సంచులుగా, రైతుల కయ్యల్లో పరీక్షకు నిలుస్తున్నాయి.