పరలోక నిరీక్షణ (తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతం)

మరణం తర్వాత దేవుని సన్నిధిలో నిత్యజీవం ఉందన్న క్రైస్తవ విశ్వాసం. ఈ ప్రాంతంలో, 1842లో మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరు చేరాక లూథరన్ మిషన్ తెనాలి, రేపల్లె పల్లెలకు విస్తరించింది. బాపట్ల వైపు బాప్టిస్టులు, రక్షణ సైన్యం (సాల్వేషన్ ఆర్మీ) వారు పనిచేశారు. ఈ నిరీక్షణ బలం తెలిసేది చావు ఇంట్లోనే. విశ్వాసి 'చనిపోయాడు' అనడానికి మనసొప్పదు, 'ప్రభువునందు నిద్రించాడు' అంటారు. నిద్ర అన్నాక మేలుకోవడం ఉంటుంది కదా! పెట్టె చుట్టూ కీర్తనలు సాగుతాయి. ఏడుపూ ఆగదు, పాటా ఆగదు. తర్వాత ఆదరణ కూడిక. నవంబరు 2న సమాధుల పండుగ రోజు సమాధులకు సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. అంటరానితనం భరించిన మాల, మాదిగ కుటుంబాలకు పరలోకమంటే అందరూ కలిసి కూర్చునే విందు; ఆదివారం ప్రభు బల్ల దగ్గర దాని రుచి ముందే తెలుస్తుంది.