ఇంటి గోడకు ఏ తెలుపు? వెల్ల నుంచి ఎమల్షన్ వరకు

ఇంటికి తెల్ల రంగు వేయించాలని నిర్ణయించుకున్నవారు ఎంపిక అక్కడితో ముగిసిందని భావిస్తారు. దుకాణానికి వెళ్లాక షేడ్ కార్డులో పదుల సంఖ్యలో తెలుపులు ఎదురవుతాయి. పాల తెలుపు, దంతపు తెలుపు, ముత్యపు తెలుపు, మంచు తెలుపు. వేలెడు వెడల్పున్న ఆ చీటీల మీద వాటి మధ్య తేడా దాదాపు కనిపించదు. గోడంతా పరుచుకున్నాక మాత్రం ఒకటి పసుపు ఛాయతో, ఒకటి నీలి ఛాయతో, మరొకటి బూడిద వన్నెతో బయటపడుతుంది. రంగు వేయించడం కొన్నేళ్లకు ఒకసారి వచ్చే ఖర్చు. మధ్యతరగతి కుటుంబానికి అది చిన్నదేమీ కాదు. ఆ ఖర్చు సార్థకం కావాలంటే తెలుపును అది ఉండబోయే గోడ మీద, ఆ గదిలోకి వచ్చే వెలుగులో పరీక్షించి ఎంచుకోవలసి ఉంటుంది.

సున్నపు తెలుపు

తెలుగువారి ఇళ్లలో చాలాకాలం తెలుపు అంటే సున్నమే. సంక్రాంతికో దసరాకో ముందు గోడలకు వెల్ల వేయడం ఊరూరా ఉన్న ఆచారం. ఉత్తరాదిలో ఆ పని దీపావళికి ముందు జరుగుతుంది. సున్నపురాయిని బట్టీలో సుమారు 900 డిగ్రీల సెల్సియస్ వేడిలో కాలిస్తే కార్బన్ డయాక్సైడ్ వెలువడి పొడి సున్నం మిగులుతుంది. దానికి నీరు తగిలితే బుసబుసమని పొంగి, వేడెక్కి, తడి సున్నంగా మారుతుంది. గోడకు పూసిన తడి సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను తిరిగి తీసుకుని రెండు మూడు రోజుల్లో కాల్షియం కార్బొనేట్‌గా గట్టిపడుతుంది. పదో తరగతి విజ్ఞానశాస్త్ర పాఠంలో వచ్చే ఈ చర్య ఫలితంగా గోడ మీద నిలిచేది ఒక పలుచని సున్నపురాతి పొర.

వెల్ల వేస్తున్నప్పుడు గోడ తెల్లగా కనిపించదు. సున్నపు రేణువుల నడుమ నీరు ఉన్నంతసేపు వెలుగు అంతగా చెదరదు. నీరు ఆరి ఆ ఖాళీల్లో గాలి చేరాకే వెలుగు అన్ని వైపులకూ చెదిరి తెలుపు తేలుతుంది. ఈ సంగతి తెలియనివారు మొదటి పూత పలుచబడిందనుకుని చిక్కగా పట్టిస్తారు. చిక్కటి పూత ఎండి పెచ్చులుగా రాలుతుంది. పలుచని పూతలు మూడు, ఒకటి నిలువుగా, తరువాతిది అడ్డంగా వేయడం పనివారికి తెలిసిన పద్ధతి. చేతికి అంటకుండా ఉండేందుకు గంజి, జిగురు, ఉప్పు వంటివి కలుపుతారు.

సున్నంలో చిటికెడు నీలిమందు కలపడం వెనుకా కారణం ఉంది. సున్నపు తెలుపులో సహజంగా కొంత పసుపు ఛాయ ఉంటుంది. నీలం దాన్ని అణచి, గోడ మరింత తెల్లగా ఉన్నట్టు కంటికి తోపజేస్తుంది. తెల్ల బట్టలకు నీలి పెట్టడం కూడా ఇందుకే. కేంద్ర ప్రజాపనుల విభాగం నిర్దేశాల్లోనూ కిలో సున్నానికి 3 గ్రాముల వరకు నీలి కలపవచ్చని ఉంది. పాళ్లు పెంచితే తెలుపు కాస్తా నీలమైపోతుంది. జోధ్‌పూర్ పాతబస్తీలోని నీలి గోడలు అలా సున్నంలో నీలం కలిపి పూసినవే.

సున్నానికి క్షారగుణం ఉన్నందున బూజు త్వరగా పట్టదు. గోడలోని చెమ్మ ఆవిరిగా బయటికి పోవడానికి అది అడ్డుపడదు. మట్టి గోడలకు, గచ్చు పూసిన పాత ఇటుక గోడలకు ఇప్పటికీ అంతకంటె తగిన పూత లేదనే చెప్పాలి. అయితే బయటి గోడల మీద వానకు కొట్టుకుపోతుంది, ఏటా మళ్లీ వేయాలి. సున్నం తడిపేటప్పుడు పిల్లలను దూరంగా ఉంచడం తప్పనిసరి. కంట్లో పడితే చూపునే దెబ్బతీయగలదు. వెంటనే మంచినీటితో ఆగకుండా కడిగి ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

డబ్బాలోని తెలుపు

ఒకప్పుడు నూనె రంగుల్లో తెలుపు కోసం సీసపు తెలుపును వాడేవారు. అది విషమని తెలిసినా శతాబ్దాల పాటు కొనసాగింది. సుమారు వందేళ్ల కిందట నార్వే, అమెరికాల్లో టైటానియం డయాక్సైడ్ తయారీ మొదలైన తరువాత పరిస్థితి మారింది. ఇది వెలుగును వంచే శక్తి, అంటే వక్రీభవన గుణకం, దాదాపు 2.7. సున్నపురాయిది 1.6 ప్రాంతంలో, రంగులోని జిగురు పదార్థానిది 1.5 ప్రాంతంలో ఉంటుంది. రెండింటి మధ్య అంతరం ఎంత ఎక్కువైతే పూత కింది గోడను అంతగా కప్పుతుంది. ఎమల్షన్ రెండు పూతల్లో పాత రంగును మూయగలగడానికి ఇదే మూలం. ఈ పదార్థానికి ముడిసరుకైన ఇల్మనైట్ మన తీరపు ఇసుకలోనే ఉంది. కేరళలోని చవర, తమిళనాడులోని మనవాళకురిచ్చి, ఒడిశాలోని ఛత్రపురం దీనికి ప్రసిద్ధి. ఆంధ్రప్రదేశ్‌లో భీమునిపట్నం తీరపు ఇసుకలోనూ ఈ ఖనిజం ఉంది.

టైటానియం తెలుపు కూడా వెలుగులోని ఊదా అంచును కొంత పీల్చుకుంటుంది. అందువల్ల అదీ కొద్దిగా పసుపు వైపు మొగ్గుతుంది. తయారీదారులు దానిలో రవ్వంత నీలమో నలుపో కలిపి సరిచేస్తారు. పాత నీలిమందు కిటుకే ఇక్కడ మరో రూపంలో కనిపిస్తుంది. ఆ రవ్వంతలో వచ్చే తేడాలే షేడ్ కార్డులోని తెలుపులన్నీ.

సీసం విషయంలో పాత ఇళ్లవారు జాగ్రత్త వహించాలి. గృహ, అలంకరణ రంగుల్లో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలు మించరాదని కేంద్రం 2016లో నియమాలు ప్రకటించింది. 2017 నవంబరు 1 నుంచి అవి అమలులోకి వచ్చాయి. అంతకు ముందు తలుపులకు, కిటికీ ఊచలకు వేసిన ఎనామిల్ పొరల్లో సీసం ఉండవచ్చు. వాటిని పొడిగా గీకితే దుమ్ము లేస్తుంది, అది పసిపిల్లల మెదడు ఎదుగుదలకు హాని చేస్తుంది. నీటితో తడిపి గరుకు కాగితంతో రుద్దడం, ఆ పని జరిగే గదిలోకి గర్భిణులను, పిల్లలను రానీయకపోవడం, తరువాత నేలను తడిబట్టతో తుడవడం మేలు.

గదిలోని వెలుగు

తెలుపుకు సొంత రంగు తక్కువ; పక్కనున్న ప్రతి రంగూ దాని మీద పడుతుంది. ఎర్ర గచ్చు నేల ఉన్న గదిలో స్వచ్ఛమైన తెలుపు గులాబీ ఛాయ పోతుంది. తాండూరు నీలి బండలు పరిచిన ఇంట్లో అదే రంగు బూడిదగా, పసుపు బండల మీద వెచ్చగా కనిపిస్తుంది. కిటికీ ఎదుట వేపచెట్టో మామిడిచెట్టో గుబురుగా ఉంటే మధ్యాహ్నం గోడ మీద లేత ఆకుపచ్చ తేలుతుంది. రంగు తప్పు వేశారని పనివారితో వాదన పెట్టుకునే ముందు ఇవన్నీ చూసుకోవాలి.

దిక్కు కూడా ముఖ్యమే. ఉత్తరపు కిటికీ గుండా ఏడాదిలో ఎక్కువ కాలం నేరుగా ఎండ రాదు, ఆకాశంలో చెదిరిన వెలుగు వస్తుంది. అందులో నీలం పాలు ఎక్కువ గనుక నీలి మొగ్గున్న తెలుపు అక్కడ మరీ చల్లగా, కొన్నిసార్లు దిగులుగా తోస్తుంది. పడమటి గదిలో సాయంత్రం ఎండ పసుపు ఛాయ తెలుపును మీగడ రంగుకు తెస్తుంది. తూర్పు గది ఉదయం ఒకలా, మధ్యాహ్నం మరొకలా ఉంటుంది.

ఉత్తరపు గదులకు వెచ్చని తెలుపే వేయాలని పుస్తకాల్లో తరచు కనిపించే సలహాను మన వద్ద యథాతథంగా పాటించనక్కరలేదు. అది మబ్బు పట్టిన చలిదేశాల ఆకాశాన్ని దృష్టిలో ఉంచుకుని చెప్పిన మాట. రామగుండంలోనో విజయవాడలోనో మే నెలలో ఒక గది చల్లగా కనిపిస్తే ఇంటివారు సంతోషిస్తారు. పైగా హైదరాబాద్ అక్షాంశంలో మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి రోజుల వరకు మధ్యాహ్న సూర్యుడు నడినెత్తికి కొంచెం ఉత్తరంగానే ఉంటాడు. మన ఇళ్లలో తరచు వచ్చే ఇబ్బంది వేరు. ఎండ నేరుగా పడే గోడకు మిలమిలలాడే తెలుపు వేస్తే కళ్లు జిగేలుమంటాయి. డబ్బాల వివరాల్లో కాంతి పరావర్తన విలువ అని 0 నుంచి 100 వరకు ఒక సంఖ్య ఇస్తారు. తెల్లటి ఎమల్షన్లకు అది సాధారణంగా 80 దాటుతుంది. వెలుగు తక్కువైన లోపలి గదికి ఎక్కువ విలువ ఉన్నది, దక్షిణ, పడమటి గోడలకు కాస్త తక్కువ విలువ ఉన్న మెత్తని తెలుపు నప్పుతాయి.

చీకటి పడ్డాక పెత్తనం బల్బుది. మన ఇళ్లలో విరివిగా వాడే 6500 కెల్విన్ ఎల్‌ఈడీ దీపం నీలిగా వెలుగుతుంది, 2700 నుంచి 3000 కెల్విన్ దీపం పసుపుగా వెలుగుతుంది. పగలు ముచ్చటగా ఉన్న దంతపు తెలుపు 6500 దీపం కింద వెలవెలపోవచ్చు. దీపాలు మార్చే ఆలోచన ఉంటే రంగు ఎంపికకు ముందే మార్చుకోవడం తెలివైన పని.

పరీక్షించే విధానం కష్టమైనది కాదు. ఇష్టపడిన రెండు మూడు తెలుపుల చిన్న డబ్బాలు కొని, రెండడుగుల అట్ట మీదో ప్లైవుడ్ ముక్క మీదో రెండేసి పూతలు వేసి ఆరనివ్వాలి. ఆ ముక్కను నేల మీద పడుకోబెట్టి చూస్తే ప్రయోజనం లేదు; గోడకు ఆనించి నిలబెట్టాలి. పక్కన మామూలు తెల్ల కాగితం పెడితే ఏది ఏ ఛాయకు మొగ్గుతోందో వెంటనే తెలుస్తుంది. ఉదయం, మిట్టమధ్యాహ్నం, రాత్రి దీపాల వెలుగులో, కనీసం రెండు రోజులు చూడాలి. పాత రంగున్న గోడ మీదే నేరుగా చిన్న చదరం పూసి చూడడం చాలామంది చేసే పని. చుట్టూ ఉన్న పాత పసుపో ఆకుపచ్చో కంటిని మోసగిస్తుంది.

గోడ సంగతి

ఎంత మంచి తెలుపైనా చెమ్మ గోడ మీద నిలవదు. ఇటుకలోని లవణాలు నీటితో పైకి వచ్చి తెల్లని పొడిగా తేలడాన్ని ఉప్పు పట్టడమని అంటారు. దాని మీద ఎన్ని పూతలు వేసినా పొక్కులు లేస్తాయి. నీరు ఎక్కడినుంచి వస్తోందో కనిపెట్టి, పగిలిన గొట్టమో మేడమీది పగులో బాగుచేయించి, గోడ పూర్తిగా ఆరాకే రంగు మాట ఎత్తాలి. కొత్త సిమెంటు పూతకు కనీసం నాలుగు వారాలు గడువివ్వాలి.

పాత ఇళ్లలో ఎక్కువగా జరిగే పొరపాటు సున్నపు గోడ మీద నేరుగా ఎమల్షన్ వేయడం. పొడిపొడిగా ఉన్న సున్నాన్ని ఆ రంగు పట్టుకోలేదు, ఏడాది తిరగకుండానే పెద్ద పెద్ద పెచ్చులుగా ఊడుతుంది. సున్నాన్ని గట్టి పొర వరకు గీకి, కడిగి, ఆరబెట్టి, ప్రైమర్ వేసి, లప్పం పెట్టి, మళ్లీ ప్రైమర్ వేశాకే రంగు వేయాలి. అంత ఖర్చు ఇష్టం లేనివారు మళ్లీ వెల్లే వేసుకోవడం మంచిది. ఎమల్షన్ గోడ మీద సున్నం వేయాలనుకోవడమూ అంతే వ్యర్థం.

తెలుపు లోపాలను దాచదు. నిగనిగలాడే పూతైతే లప్పంలోని ప్రతి ఎగుడుదిగుడునూ పక్కవెలుగులో చూపిస్తుంది. కాబట్టి పైకప్పుకు, ఎగుడుదిగుడు గోడలకు మెరుపు లేని మ్యాట్ పూత తగినది. వంటింటికి, దీపపు మసి, అగరుధూపం పట్టే పూజగదికి తుడవడానికి వీలుండే శాటిన్ పూత ఎంచుకోవాలి. తలుపులకు వేసే నూనె ఆధారిత తెల్ల ఎనామిల్ వెలుగు తగలని చోట కాలక్రమేణా పసుపెక్కుతుంది. నీటి ఆధారిత ఎనామిల్‌కు ఆ బెడద చాలా తక్కువ.

బయటి గోడ కింది అడుగు భాగం వాన చిందులకు ఎర్రబడుతుంది. పూర్వులు ఆ మేరకు జేగురుతో, తెలంగాణలో జాజు అనే ఎర్రమన్నుతో పట్టీ దిద్ది, పైన వెల్ల వేసేవారు. అందం కోసమే పెట్టినట్టున్న ఆ పట్టీ మరకను దాచే ఉపాయం కూడా. నేటి ఇళ్లకూ ముదురు రంగు పట్టీ అంతే ఉపయోగపడుతుంది. కోస్తా తేమలో సన్‌షేడ్ అంచుల కింద నల్లని నాచు చారలు తప్పవు. అక్కడ నీరు గోడ మీదికి జారకుండా చుక్కగా కిందికి రాలేలా అంచుకు గాడి పెట్టించడం రంగు కంటె ముఖ్యం.

మేడమీద తెలుపు

గోడల విషయంలో తెలుపు అభిరుచికి సంబంధించినది. పైకప్పు మీద అది ఆరోగ్యానికి సంబంధించినది. ఎండకు కాలిన సిమెంటు కప్పు రాత్రంతా కింది గదిలోకి వేడి వదులుతుంది. కప్పును తెల్లగా చేస్తే ఎండలో అధికభాగం వెనక్కి పోతుంది, కింది గదిలో వేడి కొన్ని డిగ్రీలు తగ్గుతుంది. 2013లో వడగాడ్పుల కార్యాచరణ ప్రణాళిక తెచ్చిన అహ్మదాబాద్ తరువాతి కాలంలో పేదల ఇళ్ల కప్పులకు తెల్ల పూత వేయించింది. తెలంగాణ 2023 ఏప్రిల్‌లో చల్లని పైకప్పుల విధానాన్ని ప్రకటించి, 2028 నాటికి హైదరాబాద్‌లో 200, మిగతా రాష్ట్రంలో 100 చదరపు కిలోమీటర్ల కప్పును దీని కిందికి తేవాలని లక్ష్యంగా పెట్టుకుంది. 600 చదరపు గజాలు, ఆపైన స్థలంలో కట్టే నివాసాలకు ఇది తప్పనిసరి. అంతకు తక్కువైన ఇళ్లకు ఐచ్ఛికం.

చల్లని పైకప్పు పూతలు కొనలేనివారికి జిగురు కలిపిన సున్నం ఉంది. ఫిబ్రవరి చివర్లో కప్పును ఊడ్చి, కడిగి, ఆరబెట్టి రెండు పూతలు వేస్తే ఆ వేసవి గడుస్తుంది, వానలకు అది పోతుంది, మరుసటి ఏడు మళ్లీ వేయాలి. దుమ్ము పట్టిన తెలుపు వేడిని ఆపదు కనుక నడి వేసవిలో ఒకసారి కడగడం అవసరం. రేకుల ఇళ్ల మీద దీని ప్రభావం వెంటనే తెలుస్తుంది. అపార్టుమెంట్లలో మేలు పై అంతస్తుకే పరిమితం కావడంతో ఖర్చు పంచుకోవడానికి దిగువ అంతస్తులవారు వెనుకాడుతుంటారు; అలాంటి చోట పై అంతస్తువారు సంఘం అనుమతి తీసుకుని తమ గదుల పైనున్న మేరకైనా పూయించుకోవచ్చు.