సిమెంటు సిండ్రెల్లా

అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రం, ఎల్లికాట్ సిటీలో 1955 ఆగస్టులో పిల్లల కోసం ఒక కథల తోట తెరిచారు. పేరు ఎన్‌చాంటెడ్ ఫారెస్ట్. మంత్రాల అడవి అన్నమాట. కాలిఫోర్నియాలో డిస్నీలాండ్ మొదలై అప్పటికి నెల రోజులే. హారిసన్ కుటుంబం కట్టించిన ఈ తోటలో మొదట్లో గిర్రున తిప్పే యంత్రాలేవీ లేవు. పిల్లలు బాట వెంట నడుస్తూ బూటులో కాపురమున్న ముసలమ్మ ఇంటినీ, సిండ్రెల్లా గుమ్మడికాయ బండినీ చూసుకుంటూ పోయేవాళ్ళు.

ఆ రోజుల్లో ఇలాంటి పార్కులు చాలావాటిలోకి నల్లజాతి పిల్లల్ని రానిచ్చేవారు కాదు. దగ్గర్లోని బాల్టిమోర్ శివార్లలో గ్విన్ ఓక్ పార్కు గేట్లు వాళ్ళకి తెరుచుకున్నది, ఎన్నో నిరసనలూ అరెస్టుల తర్వాత, 1963 ఆగస్టు 28న. ఎన్‌చాంటెడ్ ఫారెస్ట్ మాత్రం మొదటి రోజు నుంచీ అందరినీ రానిచ్చింది. ఇది చిన్న విషయమేమీ కాదు. అయితే గేటు దగ్గరి సమానత్వం లోపలి కథల్లో కూడా ఉందా?

ఆ గుమ్మడికాయ బండినే తీసుకుందాం. అది 1697లో ఫ్రాన్స్‌లో పెరో అచ్చువేసిన కథలోది. 1812లో గ్రిమ్ సోదరులు ప్రచురించిన జర్మన్ కథలో గుమ్మడికాయా లేదు, మంత్రదండం పట్టుకున్న దేవతా లేదు. చనిపోయిన తల్లి సమాధి మీద కూతురు నాటిన చెట్టు ఉంది. ఆమెకి కావలసిన బట్టలు ఆ చెట్టు దగ్గరే దొరుకుతాయి. గ్రిమ్ సోదరులకి కథలు చెప్పినవాళ్ళలో చాలామంది స్త్రీలే. పుస్తకం మీద మాత్రం అన్నదమ్ముల పేర్లే మిగిలాయి. నోటి మాటగా తిరిగినన్నాళ్ళూ ఒక్కో ఆడమనిషి దగ్గర ఒక్కో రూపం తీసుకున్న కథ, అచ్చులో కొంత, సిమెంటులో పూర్తిగా గట్టిపడిపోయింది. తల్లీకూతుళ్ళ బంధం జారిపోయి, రాజకుమారుడి దగ్గరికి తీసుకెళ్ళే వాహనం మిగిలింది.

1988లో ఆ స్థలం అమ్ముడుపోయింది. కొంత భాగంలో 1992లో షాపింగ్ సెంటర్ వచ్చింది. 1994లో కొద్దికాలం తెరిచినా తోట నిలబడలేదు. కంచె వెనక రంగులు వెలిసి, తీగలు అల్లుకుని బొమ్మలు శిథిలమయ్యాయి. 2004లో గుమ్మడికాయ బండిని వేలం వేశారు. అది దగ్గర్లోనే ఉన్న క్లార్క్ ఎలియోక్ ఫామ్‌కి చేరింది. ఆ పొలాన్ని నడిపే మార్తా క్లార్క్ తర్వాతి సంవత్సరాల్లో మిగతా బొమ్మల్నీ తెప్పించి, బాగుచేయించి నిలబెట్టారు.

తండ్రీకొడుకులు కట్టిందాన్ని ఒక స్త్రీ కాపాడింది అని సంతోషపడి ఊరుకోవచ్చు. కానీ పాతవాటిని తుడిచి, రంగులేసి భద్రపరచడం ఎప్పుడూ స్త్రీలకి అప్పజెప్పిన పనే. కథని మార్చే హక్కే మనకి దక్కనిది. బండికి కొత్త రంగు వేసినంత మాత్రాన సిండ్రెల్లా ఎదురుచూపు ఆగదు. ఆ పొలంలో బండి పక్కన నిలబడి పిల్లకి కథ చెప్పే అమ్మో అమ్మమ్మో, తల్లి సమాధి మీది చెట్టు గురించి కూడా చెప్పాలి. ఆ చెట్టు నీడన సిండ్రెల్లా తర్వాత ఏం చేసిందో ఆ పిల్లనే అడగాలి.