గ్రాఫులో లేని పత్తి

మన ఫోన్లలో ఇప్పుడు రెండు గీతలు పక్కపక్కనే కనబడతాయి: ఎస్ అండ్ పీ 500, నిఫ్టీ. ఏది ఎంత పెరిగిందో చూసి, డబ్బులు అమెరికాలో పెట్టాలా ఇక్కడే పెట్టాలా అని వాదించుకుంటాం. గుంటూరు నల్లరేగడికి మాత్రం అమెరికా లెక్క కొత్తది కాదు.

1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలైంది. లింకన్ ప్రభుత్వం దక్షిణాది రేవుల్ని దిగ్బంధించింది. అక్కడ బానిసలు పండించిన పత్తి మీదే లాంకషైర్ మిల్లులు నడిచేవి. అది ఆగేసరికి వాళ్ళ చూపు ఇండియా మీద పడింది. అప్పటికి గుంటూరు కృష్ణా జిల్లాలో భాగం, ఒంగోలు నెల్లూరు జిల్లాలోది. గుంటూరు వైపు పండే, కాస్త ఎర్రటి ఛాయ ఉన్న దేశవాళీ పత్తిని ఎగుమతి వ్యాపారులు 'కోకనాడ' అనేవాళ్ళు. అంటే కాకినాడ. పండిన ఊరి పేరు కాదు, ఓడెక్కిన రేవు పేరు.

ధర ఎన్నో రెట్లు పెరిగింది. లాభంలో పెద్ద వాటా బొంబాయి వర్తకులకు పోయింది. ఆ డబ్బుతో వాళ్ళు సముద్రాన్ని పూడ్చి భూమి చేస్తామన్న కంపెనీల షేర్లు ఎగబడి కొన్నారు. 1865 ఏప్రిల్‌లో జనరల్ లీ లొంగిపోయాడు. పత్తి ధర కూలింది, షేర్లు కూలాయి, ఆ దెబ్బకి కొన్నాళ్ళకు బ్యాంక్ ఆఫ్ బాంబే కూడా మూతపడింది. మన దేశపు తొలి షేర్ల వెర్రి అమెరికా పత్తి ఆగితే పుట్టింది, మళ్ళీ వస్తుందనగానే చచ్చింది.

అమెరికా గీత కూడా ఎప్పుడూ పైకే పోలేదు. 1929 నాటి ఎత్తుకు డౌ జోన్స్ మళ్ళీ చేరింది 1954లో. జపాన్ నిక్కీకైతే 1989 నుంచి 2024 దాకా పట్టింది. అమెరికా నిలదొక్కుకోవడానికి పెద్ద సొంత మార్కెట్టు, డాలరు, బయటినుంచి వచ్చిన డబ్బూ మనుషులూ కారణాలే. కానీ సూచీకి ఇంకో సదుపాయం ఉంది: వెనకబడ్డ కంపెనీని తీసేసి కొత్తదాన్ని పెడతారు. 1907 నుంచీ డౌలో ఉన్న జనరల్ ఎలక్ట్రిక్‌ని 2018లో అలాగే తీసేశారు. గీత సాగిపోయింది. రైతు కూడా పత్తి తీసేసి మిర్చి వేస్తాడు, పొగాకు వేస్తాడు. పురుగుమందుల కొట్టు బాకీ మాత్రం పంట మారినా మారదు.

మరి పడ్డవాణ్ణి ఎవరు పట్టుకుంటారు? 2002లో బ్రెజిల్ అమెరికా పత్తి సబ్సిడీల మీద ప్రపంచ వాణిజ్య సంస్థలో కేసు వేసి గెలిచింది. 2014లో అమెరికా 30 కోట్ల డాలర్లిచ్చి రాజీపడింది. ధర పడితే అక్కడి రైతు వెనక ఖజానా ఉంటుంది. ఇక్కడా మద్దతు ధర ఉంది, సీసీఐ కొనుగోలు కేంద్రాలున్నాయి. అయితే అక్కడ అమ్మాలంటే పొలం కాగితం చూపించాలి. గుంటూరు, ప్రకాశం పల్లెల్లో పత్తి వేసేవాళ్ళలో చాలామంది కౌలుదార్లు. పంట వాళ్ళది, కాగితం ఇంకొకరిది.

అందుకే రెండు గీతల్లో ఏది ఎత్తుగా ఉందన్నది సగం లెక్కే. గీత పడిన ఏడాది నష్టం ఎవరి పద్దులో రాశారన్నది మిగతా సగం.