సున్నపురాతి సీమలో జీతభత్యాల లెక్క

బెలుం గుహలను 1884లో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ నమోదు చేశాడు. 1982-83లో గుహాన్వేషకుడు డేనియల్ గెబవర్ బృందం లోపలికి దిగి కొలతలు తీసింది. 3,229 మీటర్ల పొడవున నీరు తొలిచిన ఆ సున్నపురాయే నంద్యాల సీమలో సిమెంటు ఫ్యాక్టరీలకు ముడిసరుకు. అక్కడి కొలిమిగుండ్లలో 2022లో రామ్‌కో సిమెంటు ప్లాంటు మొదలైంది.

సిమెంటు కార్మికుడి కూలి సంగతి దేశం తొందరగానే పట్టించుకుంది. 1958లో కేంద్రం ఈ పరిశ్రమకు వేతన మండలి వేసింది. అంతకు రెండేళ్ల ముందే కంపెనీల చట్టం పైవారికి గిరి గీసింది: యాజమాన్యపు ప్రతిఫలమంతా కలిపి నికర లాభంలో 11 శాతం దాటకూడదు. కంపెనీలను నడిపే ఒప్పందాలతో లాభాలను పిండుకున్న మేనేజింగ్ ఏజెన్సీలు 1970 ఏప్రిల్‌లో రద్దయ్యాయి.

అసలు కథ ఆ తర్వాతే. 1973-74లో ఆదాయపు పన్ను గరిష్ఠ రేటు 97.75 శాతానికి చేరింది. పైవారి జీతం పెంచితే చేతికి మిగిలేది పైసలే. దాంతో కంపెనీ బంగళా, కారు, డ్రైవరు, క్లబ్బు సభ్యత్వం, విహారయాత్రల ఖర్చు ముందుకొచ్చాయి. జీతాల పట్టీలో అంతరం తగ్గినట్టే కనిపించింది, బతుకులో తగ్గలేదు. సమానత్వం కోరి వేసిన పన్ను సౌకర్యాలకు దొడ్డిదారి తెరిచిందనే నా అభిప్రాయం. ఆ దారి మూయడానికి 2005లో ఆర్థిక మంత్రి చిదంబరం ఇలాంటి సౌకర్యాల మీద కంపెనీలు కట్టే ఫ్రింజ్ బెనిఫిట్ పన్ను తెచ్చారు, 2009లో అదే పదవిలో ఉన్న ప్రణబ్ ముఖర్జీ తీసేశారు.

పరిమితులతోనే పని కాదని తేలాక, జీతాల నిష్పత్తిని బయటపెట్టించడం మొదలైంది. 2013 కంపెనీల చట్టంలోని 197వ సెక్షను ప్రకారం లిస్టెడ్ కంపెనీ ప్రతి డైరెక్టరు ప్రతిఫలం మధ్యస్థ ఉద్యోగి జీతానికి ఎన్ని రెట్లో చెప్పాలి. అదే ఏడాది స్విట్జర్లాండు ఓటర్లు కంపెనీలో అత్యధిక జీతం అత్యల్ప జీతానికి 12 రెట్లు దాటకూడదన్న ప్రతిపాదనను తిరస్కరించారు. 2018లో మన స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ మరో మెట్టెక్కింది: ప్రమోటరు డైరెక్టరుకు ఏటా 5 కోట్లు లేదా నికర లాభంలో 2.5 శాతం, ఏది ఎక్కువైతే అది దాటితే వాటాదారుల ప్రత్యేక తీర్మానం ఉండాలంది.

ఇంత చేసినా పెద్ద లోటు మిగిలింది. క్వారీలో, ప్యాకింగ్‌లో, లోడింగ్‌లో ఒళ్లు వంచే కాంట్రాక్టు కూలీలు కంపెనీ రోల్స్ మీద ఉండరు. అందుకే ఆ మధ్యస్థంలో వాళ్ల కూలి కనిపించదు, నిష్పత్తి చిన్నదై ముద్దుగా ఉంటుంది. వాళ్లను చేర్చకుండా వేసే ఏ నిష్పత్తీ న్యాయమైన లెక్క కాదు. వాటాదారులారా, ఈసారి సర్వసభ్య సమావేశంలో ఆ కూలీల లెక్క అడగండి.