పునశ్చరణ, ఎంపిక: ఉన్నత పాఠశాల విజ్ఞానశాస్త్ర బోధనలో ఒక శతాబ్ది పరిణామం

ఉపోద్ఘాతం

పరీక్షకు ముందు జరిగే పునశ్చరణ తరగతిలో సాధారణంగా అందరికీ అవే ప్రశ్నలు, అదే వేగం, అదే గడువు. ఓమ్ నియమం బాగా వచ్చిన విద్యార్థికి అది విసుగు. విద్యుత్ ప్రవాహానికీ పొటెన్షియల్ భేదానికీ తేడా తెలియని విద్యార్థికి అది అందని పాఠం. ఈ ఏకరూపతను ప్రశ్నించిన ప్రయత్నాలకు వందేళ్ల చరిత్ర ఉంది. ఆ చరిత్రలో 'ఎంపిక' అనే భావన పొందిన అర్థాలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

డాల్టన్, షికాగో

అమెరికాలోని మసాచుసెట్స్‌లో డాల్టన్ పట్టణ ఉన్నత పాఠశాలలో 1920లో హెలెన్ పార్క్‌హర్స్ట్ పథకం అమలులోకి వచ్చింది. నెలరోజుల పనిని ఒప్పందంగా విద్యార్థులకు అప్పగించేవారు. తరగతి గదులు ఒక్కో విషయానికి ఒక్కో ప్రయోగశాలగా మారాయి. ఏ పని ముందు చేయాలో, దానికి ఎంత సమయం కేటాయించాలో విద్యార్థులే నిర్ణయించుకునేవారు. అయితే ఒప్పందంలోని ఏ భాగాన్నీ విడిచిపెట్టే వీలు లేదు. ఇక్కడ ఎంపిక కాలానికీ క్రమానికీ చెందినదే తప్ప పాఠ్యాంశానికి చెందినది కాదు.

షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన హెన్రీ మారిసన్ మాధ్యమిక పాఠశాల బోధనపై 1926లో వెలువరించిన గ్రంథంలో పరీక్ష స్థానాన్నే మార్చాడు. ముందుగా పరీక్షించడం, బోధించడం, ఫలితాన్ని పరీక్షించడం, పద్ధతిని సవరించి మళ్లీ బోధించి పరీక్షించడం ఆయన సూత్రం. దీనితో పరీక్ష పాఠానికి ముగింపుగా కాక తదుపరి బోధనకు ఆధారంగా నిలిచింది.

1960ల మలుపు

బెంజమిన్ బ్లూమ్ 1968లో ఈ ఆలోచనకు సైద్ధాంతిక రూపమిచ్చాడు. సమయాన్ని స్థిరంగా ఉంచితే సాధనలో తేడాలు వస్తాయి. తగిన సమయమూ సహాయమూ అందితే అత్యధికులు ఆశించిన స్థాయిని చేరగలరు. యూనిట్ చివరి పరీక్షలో బయటపడిన లోపాన్ని బట్టి వేరే పుస్తకం, చిన్న బృంద చర్చ, వ్యక్తిగత సహాయం వంటి మార్గాలను ఆయన సూచించాడు. అదే సంవత్సరం ఫ్రెడ్ కెల్లర్ తన స్వీయగతి బోధనా పద్ధతిని ప్రకటించాడు. అందులో యూనిట్ పరీక్షలో తప్పినవారికి శిక్ష లేదు, మరో అవకాశం ఉంది. గడువు లేకపోవడంతో పనిని వాయిదా వేసే ధోరణి ఆ పద్ధతికి పెద్ద సమస్య అయింది. స్వేచ్ఛకు మార్గదర్శనం తోడు కావాలన్న పాఠం అందులో ఉంది.

ఉన్నత పాఠశాల భౌతికశాస్త్రంలో ఈ దిశగా జరిగిన విస్తృత ప్రయత్నం హార్వర్డ్ ప్రాజెక్ట్ ఫిజిక్స్. జేమ్స్ రూథర్‌ఫర్డ్, జెరాల్డ్ హోల్టన్, ఫ్లెచర్ వాట్సన్‌లు దీనికి సారథులు. ఆరు ప్రధాన యూనిట్లకు తోడుగా ప్రయోగ కరదీపికలు, వ్యాస సంకలనాలు, చిన్న చలనచిత్రాలు, స్వయంబోధక పుస్తకాలు రూపొందాయి. ప్రధాన భావనలు అందరికీ ఒకటే. వాటిని చేరే దారులు అనేకం.

తెలుగు నేలపై

చిత్తూరు ప్రాంతంలోని రిషీవ్యాలీ గ్రామీణ పాఠశాలల్లో రూపొందిన 'అభ్యసన నిచ్చెన' ప్రాథమిక స్థాయికి చెందినదే అయినా ఇదే తర్కాన్ని అనుసరించింది. మూల్యాంకన కార్డు తరువాత బిడ్డ అవసరాన్ని బట్టి పరిహార కార్డో, విస్తరణ కార్డో అందుతుంది.

ఉన్నత తరగతుల్లో మాత్రం ఎంపికకు మరో అర్థం స్థిరపడింది. ఇంటర్మీడియట్ భౌతికశాస్త్ర ప్రశ్నపత్రంలో చాలాకాలం ఎనిమిది స్వల్ప సమాధాన ప్రశ్నల్లో ఆరింటికి, మూడు దీర్ఘ ప్రశ్నల్లో రెండింటికి రాస్తే సరిపోయేది. 'ఛాయిస్‌లో వదిలేయడం' విద్యార్థుల వాడుకలో నిలిచిపోయింది. పునశ్చరణ అంటే ఏ అధ్యాయాన్ని వదలవచ్చో లెక్కవేసుకోవడంగా మారింది.

ముగింపు

డాల్టన్ ఒప్పందంలో ఎంపిక నేర్చుకునే దారికి సంబంధించినది. ప్రశ్నపత్రంలో అది వదిలేసే హక్కు. ఈ తేడాను గుర్తించకుండా ఎంపికను పెంచితే, బలహీన విద్యార్థి తనకు అత్యవసరమైన అధ్యాయాన్నే ముందుగా వదులుకుంటాడు. కాంతి వక్రీభవనంపై చిన్న పరీక్ష పెట్టి, కిరణచిత్రం తప్పినవారికి గాజుదిమ్మెతో ప్రయోగం, లెక్కలు తప్పినవారికి క్రమబద్ధ అభ్యాసం, రెండూ వచ్చినవారికి కొత్త సమస్య ఇవ్వవచ్చు. ఆ పరిధిలో కృత్యాన్ని వారినే ఎంచుకోనిస్తే ఎంపిక మళ్లీ అభ్యసనంలో భాగమవుతుంది. కిక్కిరిసిన తరగతిలో దీనికి కావలసిన సమయాన్నీ సామగ్రినీ ఉపాధ్యాయునికి సమకూర్చడమే ఈ శతాబ్ది చరిత్ర మిగిల్చిన అసలు ప్రశ్న.